చప్పుడు చేయని కంప్యూటర్ చాలాకాలం ఉంటుంది



ఇంటర్ ఫలితాలు వచ్చి, పిల్లలు కాలేజీల్లో చేరే రోజులు దగ్గరపడ్డాయంటే మన ఇళ్ళలో ఒక ప్రస్తావన తప్పకుండా వస్తుంది. కంప్యూటర్ కొనాలి. ఏది కొనాలి? తెలిసినవాళ్ళను అడుగుతాం. ఒకరు ఐ7 తీసుకోమంటారు. ఇంకొకరు గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందే అంటారు. షాపులో అబ్బాయి రంగురంగుల లైట్లు వెలిగే క్యాబినెట్ చూపిస్తాడు. వేగం గురించి అందరూ చెబుతారు. ఆ పెట్టె ఎంత వేడెక్కుతుందో మాత్రం ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

ఈ రోజు నా ప్రసంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది. ఇంటి పనులకు సరిపడే వేగం ఇప్పుడు చవక కంప్యూటర్లలో కూడా ఉంది. కాబట్టి చూసుకోవలసినవి మూడు. అది పక్కన కూర్చున్నవాళ్ళను విసిగించకుండా పనిచేస్తుందా? పదేళ్ళు నిలుస్తుందా? కరెంటు బిల్లు పెంచకుండా ఉంటుందా? ఈ మూడింటికీ మూలం ఒక్కటే, వేడి. తక్కువ వేడెక్కే కంప్యూటర్‌ను ఎంచుకుంటే మిగతావి చాలావరకు వాటంతటవే చక్కబడతాయి.

ముందు మన అవసరాలేమిటో చూద్దాం. మామూలు ఇంట్లో కంప్యూటర్ మీద జరిగే పనులు ఏమిటి? పిల్లల పాఠాలు, ప్రాజెక్టు రిపోర్టులు. ఎంట్రన్స్ పరీక్షలకు దరఖాస్తులు, కౌన్సెలింగ్ సమయంలో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం. బ్యాంకు పనులు, ఆదాయపు పన్ను రిటర్నులు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలతో వీడియో కాల్. ఫొటోలు దాచుకోవడం. తెలుగులో ఒక ఉత్తరమో వ్యాసమో టైపు చేసుకోవడం. యూట్యూబ్‌లో పాత సినిమా చూడటం. కొద్దిగా ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం. వీటిలో ఏ ఒక్క పనికీ భారీ యంత్రం అక్కర్లేదు. వృత్తిగా వీడియో ఎడిటింగ్ చేసేవారికి, పెద్ద గేములు ఆడేవారికి, ఇంజనీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి కావలసిన యంత్రం వేరు. నేను మాట్లాడుతున్నది మిగతా అందరి గురించి.

కంప్యూటర్‌లో చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? ముఖ్యంగా మూడు చోట్ల నుంచి. ప్రాసెసర్ మీద బిగించిన ఫ్యాన్, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎమ్‌పీఎస్‌లోని ఫ్యాన్, గిరగిరా తిరిగే హార్డ్ డిస్క్. ప్రాసెసర్ తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. పూర్వం మన ఇళ్ళలో వెలిగిన 60 వాట్ల బల్బును ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది కదా. 65 వాట్ల ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు దాదాపు అంత వేడి, తపాలా బిళ్ళంత చిప్పులోంచి వస్తుంది. దాన్ని తరిమేయడానికి ఫ్యాను కావాలి. వేడి పెరిగిన కొద్దీ ఫ్యాను వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన కొద్దీ రొద పెరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న సూత్రం గుర్తుపెట్టుకోండి. చిన్న ఫ్యాను వేగంగా తిరిగి తోసే గాలిని పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూనే తోస్తుంది. నెమ్మదిగా తిరిగేదానికి చప్పుడు తక్కువ. అందుకే 80 మిల్లీమీటర్ల ఫ్యాను కంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఇంటికి మంచిది. హార్డ్ డిస్క్ విషయానికి వస్తే, లోపలి పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతూ ఉంటాయి. దాని బదులు ఎస్‌ఎస్‌డీ పెడితే తిరిగే భాగమే ఉండదు. చప్పుడు సున్నా. పైగా కంప్యూటర్ ఆన్ చేశాక నిమిషాల తరబడి ఎదురుచూడటం కూడా పోతుంది.

చప్పుడు లేని కంప్యూటర్ కావాలన్న కోరిక కొత్తది కాదు. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటర్‌లో ఫ్యాను లేదు. ఫ్యాను రొద ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారు. అప్పుడు రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు, ఆ రోజుల్లో వాడుకలో ఉన్న బరువైన, బాగా వేడెక్కే పవర్ సప్లై పక్కనపెట్టి, తక్కువ వేడితో పనిచేసే స్విచింగ్ పవర్ సప్లై తయారుచేశారు. వేడి పుట్టేచోటే దాన్ని తగ్గించారు. అందుకే ఫ్యాను అవసరం రాలేదు. ఆ కంప్యూటర్ చాలా ఏళ్ళు నిలబడింది.

మూడేళ్ళ తర్వాత, 1980లో, ఆపిల్ 3 వచ్చింది. అందులోనూ ఫ్యాను ఉండకూడదన్నారు. కానీ ఈసారి లోపల చిప్పులు ఎక్కువ, పెట్టె ఇరుకు. వేడి తగ్గించకుండా ఫ్యాను మాత్రం తీసేశారు. ఫలితం ఏమైంది? లోపలి చిప్పులు వాటి సాకెట్లలోంచి వదులై లేచిపోయేవి. కంప్యూటర్‌ను రెండు మూడు అంగుళాలు పైకెత్తి బల్ల మీద వదలండి, చిప్పులు మళ్ళీ కూర్చుంటాయి అని వాడుకదారులకు సలహా ఇవ్వవలసిన పరిస్థితి వచ్చింది. ఆ మోడల్ మార్కెట్‌లో నిలవలేకపోయింది. ఈ రెండు కథలూ ఒకే కంపెనీవి, ఒకే కోరికతో మొదలైనవి. ఒకదానిలో వేడిని తగ్గించారు, రెండోదానిలో వేడిని అలాగే ఉంచి ఫ్యాన్ తీసేశారు. ఈ తేడా మనకు షాపులోనూ పనికొస్తుంది. ఫ్యాను లేదని చెప్పగానే సంతోషపడకండి, ఎందుకు అవసరం లేకపోయిందో అడగండి.

ఇంకొక కథ కూడా చెబుతాను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న కంపెనీ ఉండేది. అక్కడ సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు ఒక కొత్త ప్రాసెసర్ రూపొందించారు. చేతిలో మనుషులు తక్కువ, డబ్బు తక్కువ. కాబట్టి వీలైనంత సరళంగా డిజైన్ చేశారు. 1985 ఏప్రిల్‌లో మొదటి చిప్పు చేతికొచ్చింది. అందులో ఉన్నవి దాదాపు 25,000 ట్రాన్సిస్టర్లు. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 386లో 2,75,000 ఉన్నాయి. కొత్త చిప్పు ఎంత కరెంటు తీసుకుంటుందో కొలుద్దామని ఫర్బర్ మీటరు పెడితే సున్నా చూపించింది. చిప్పు మాత్రం చక్కగా పనిచేస్తోంది. చూస్తే, బోర్డులో లోపం వల్ల చిప్పుకు అసలు కరెంటు కనెక్షనే అందడం లేదు. పక్కనున్న సర్క్యూట్ల సంకేతాల నుంచి దాని కాళ్ళలోకి చేరే కొద్దిపాటి కరెంటుతోనే అది నడుస్తోంది. ఆ చిప్పు పేరు ఏఆర్‌ఎమ్. ఈ రోజు మన జేబుల్లోని ఫోన్లలో ఉన్న ప్రాసెసర్లు దాని సంతతి. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోనూ, 2020లో ఫ్యాను లేకుండా వచ్చిన ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ ఉన్నది ఆ వంశమే. సరళంగా చేసిన వస్తువు చల్లగా ఉంది, చల్లగా ఉన్నందువల్లే చప్పుడు లేకుండా ఉంది.

చప్పుడు సంగతి అలా ఉంచితే, వేడి ఆయుర్దాయాన్ని కూడా తింటుంది. మదర్‌బోర్డు మీదా ఎస్‌ఎమ్‌పీఎస్‌లోనూ చిన్న చిన్న డబ్బాల ఆకారంలో కెపాసిటర్లు ఉంటాయి. చాలావాటిలో ద్రవం ఉంటుంది. వేడికి అది క్రమంగా ఆవిరవుతుంది. ఇంజనీర్లు వాడే ఒక అంచనా ఉంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే అలాంటి కెపాసిటర్ ఆయుర్దాయం దాదాపు రెట్టింపవుతుంది. అదే 10 డిగ్రీలు పెరిగితే సగానికి పడిపోతుంది. పాత కంప్యూటర్ తెరిచి చూస్తే తల ఉబ్బిన కెపాసిటర్లు కనిపించడానికి కారణాల్లో వేడి ముఖ్యమైనది.

మన వేసవిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రామగుండంలో, రెంటచింతలలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. గదిలోనే 38, 40 డిగ్రీలు ఉంటే, పెట్టె లోపల ఇంకెంత ఉంటుందో ఊహించండి. నేటి ప్రాసెసర్లు బాగా వేడెక్కినప్పుడు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అంటే వేగం కోసం ఎక్కువ డబ్బు పోసి కొన్న ప్రాసెసర్, ఏసీ లేని గదిలో ఎండాకాలం మధ్యాహ్నం ఆ వేగం ఇవ్వలేదు. డబ్బు పోయింది, రొద మిగిలింది. శీతల దేశాల్లో రాసిన సలహాలను మన ఇళ్ళకు యథాతథంగా తెచ్చుకోకూడదని చెప్పేది ఇందుకే.

కరెంటు లెక్క కూడా చూద్దాం. పాత డెస్క్‌టాప్ సగటున 70 వాట్లు తీసుకుంటుందనుకోండి. రోజుకు 6 గంటలు వాడితే ఏడాదికి దాదాపు 153 యూనిట్లు. సగటున 12 వాట్లు తీసుకునే చిన్న కంప్యూటర్ అయితే దాదాపు 26 యూనిట్లు. మానిటర్ ఖర్చు రెండింటికీ సమానం కాబట్టి దాన్ని లెక్కలో కలపలేదు. పదేళ్ళకు లెక్కవేస్తే తేడా 1,270 యూనిట్లు.

సరే, ఇప్పుడు ఏం కొనాలి? దానికి ముందు ఇంకొక మాట. ఇంట్లో ఇప్పటికే ఒక పాత కంప్యూటర్ ఉందా? అది ఆన్ అవుతోందా? అయితే కొత్తది కొనే ముందు దానికి ఒక అవకాశం ఇవ్వండి. 2012 తర్వాత కొన్న చాలా డెస్క్‌టాప్‌లూ ల్యాప్‌టాప్‌లూ నెమ్మదించడానికి అసలు కారణం హార్డ్ డిస్క్. దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయించండి. లోపలి దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పించండి. గంటలో అయ్యే పని ఇది. చాలా ఇళ్ళకు దీనితోనే సమస్య తీరిపోతుంది.

ఎస్‌ఎస్‌డీ తొందరగా అరిగిపోతుందని కొందరు భయపడతారు. 250 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద 150 టెరాబైట్ల వరకు రాయవచ్చని తయారీదారులు హామీ ఇవ్వడం మామూలే. ఇంట్లో రోజుకు 20 జీబీ రాశామనుకున్నా, అది ఎక్కువే, ఆ పరిమితి చేరడానికి 20 ఏళ్ళు పడుతుంది. కాబట్టి అరుగుదల గురించి దిగులు అక్కర్లేదు.

కొత్తది కొనక తప్పదనుకుంటే మూడు దారులున్నాయి.

మొదటిది, మినీ పీసీ. అరచేతిలో పట్టేంత పెట్టె. మానిటర్ వెనక బిగించుకోవచ్చు. వీటిలో ఇంటెల్ ఎన్100 వంటి ప్రాసెసర్లు వస్తున్నాయి. 2023లో వచ్చిన ఈ ప్రాసెసర్‌కు నాలుగు కోర్లు, కంపెనీ చెప్పే వేడి లెక్క 6 వాట్లు. ఇంతకుముందు చెప్పిన 65 వాట్లతో పోల్చి చూడండి. ఇందాక నేను చెప్పిన ఇంటి పనులన్నీ ఇది చేస్తుంది. కొన్ని మోడళ్ళలో ఫ్యాన్ అసలు ఉండదు, పై లోహపు తొడుగే వేడిని బయటికి పంపుతుంది. మన ఎండల దృష్ట్యా, గాలి ఆడే చోట పెట్టగలిగితేనే అలాంటిది తీసుకోండి. లేకపోతే నెమ్మదిగా తిరిగే ఫ్యాను ఉన్నదే మేలు. పేరు వినని కంపెనీల మినీ పీసీలు ఆన్‌లైన్‌లో బోలెడన్ని దొరుకుతాయి. చెడిపోతే మన ఊళ్ళో లేదా పక్క పట్టణంలో సర్వీస్ ఉందో లేదో కొనకముందే తెలుసుకోండి.

రెండోది, నాకు అన్నిటికంటే నచ్చిన దారి. పెద్ద ఆఫీసులు కంప్యూటర్లను మూడు నాలుగేళ్ళు వాడి ఒకేసారి మార్చేస్తాయి. అలా బయటికి వచ్చినవాటిలో లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ వంటివి ఉంటాయి. ఒక లీటరు సీసా పట్టేంత పరిమాణం. ఇవి రోజంతా ఆఫీసులో నడవడానికి తయారుచేసినవి. ల్యాప్‌టాప్‌లా బయటి ఎడాప్టర్‌తో నడుస్తాయి కాబట్టి ఎస్‌ఎమ్‌పీఎస్ ఫ్యాను గొడవ లేదు. మూత తీస్తే ర్యామ్ కనబడుతుంది, ఎస్‌ఎస్‌డీ కనబడుతుంది, రెండూ మనమే మార్చుకోవచ్చు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట సెకండ్ హ్యాండ్‌వి, రీఫర్బిష్ చేసినవి దొరుకుతాయి.

వీటిని కొనేటప్పుడు ప్రాసెసర్ పేరు చదవడం నేర్చుకోండి. ఉదాహరణకు ఐ5-8500టీ అని ఉందనుకోండి. ఐ5 తర్వాత వచ్చే 8 అంటే ఎనిమిదో తరం. చివరి టీ అంటే తక్కువ కరెంటుతో పనిచేసే రకం. అదే ఐ5-8500 మామూలుది 65 వాట్లు, టీ రకం 35 వాట్లు. వేగంలో కాస్త తేడా ఉంటుంది, ఇంట్లో అది తెలియదు. చప్పుడులో తేడా మాత్రం చెవికి తెలుస్తుంది. ఎనిమిదో తరం కంటే పాతది తీసుకోకండి. కారణం కాసేపట్లో చెబుతాను. కొనేముందు అరగంట ఆన్‌లో ఉంచి, ఒక వీడియో పెట్టి, దగ్గరగా చెవి పెట్టి వినండి. ఫ్యాను గరగరలాడుతుంటే బేరింగ్ అరిగిందని అర్థం. పాత ఎస్‌ఎస్‌డీ మీద ఆధారపడకుండా కొత్తది వేయించుకోండి.

మూడోది ల్యాప్‌టాప్. కరెంటు తరచూ పోయే ఊళ్ళో ఉన్నవారికి, హాస్టల్‌కు వెళ్ళే పిల్లలకు ఇదే సరైనది. బ్యాటరీ ఉంది కాబట్టి వేరే యూపీఎస్ అక్కర్లేదు. కానీ పల్చని పెట్టెలో చిన్న ఫ్యాన్లు ఉంటాయి, అవి వేగంగా తిరగాలి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడితే అడుగున గాలి దారులు మూసుకుపోతాయి. బల్ల మీదే వాడాలి. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి వాడేవారు, బ్యాటరీ చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి. బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. ఫ్యాను లేని మ్యాక్‌బుక్ ఎయిర్ లాంటివి నిజంగానే నిశ్శబ్దంగా ఉంటాయి. అయితే వాటిలో ర్యామ్, స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటాయి, తర్వాత పెంచుకోవడం కుదరదు. తీసుకునే రోజే ముందుచూపుతో తీసుకోవాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లలో కూడా ఇప్పుడు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికిస్తున్నారు. అందుకే షాపులో తప్పక అడగవలసిన ప్రశ్న: ర్యామ్ మార్చుకోవచ్చా, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చా, బ్యాటరీ మార్చుకోవచ్చా? మూడింటికీ కుదరదని జవాబు వస్తే ఇంకో మోడల్ చూడండి. ఎక్కువకాలం ఉండటమంటే చెడిపోకుండా ఉండటం ఒక్కటే కాదు, చెడిపోయినప్పుడు బాగుచేసుకునే వీలుండటం కూడా. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. కొన్ని కంపెనీల విడిభాగాలు, వారంటీ, సర్వీస్ వివరాలు అందులో ఒకచోట దొరుకుతాయి.

ఏ దారిలో వెళ్ళినా కొలతలు ఇవి. ర్యామ్ కనీసం 8 జీబీ, వీలైతే 16. ఎస్‌ఎస్‌డీ 256 లేదా 512 జీబీ. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే చాలు. గ్రాఫిక్స్ కార్డు అంటే ఇంకో ఫ్యాను, ఇంకో వేడి కుంపటి. మిగిలిన డబ్బును మంచి మానిటర్ మీద, మంచి కీబోర్డు మీద పెట్టండి. కళ్ళకూ వేళ్ళకూ రోజూ తగిలేవి అవే. ప్రాసెసర్ మారినా అవి మనతో ఉంటాయి.

ఇక సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ బాగానే ఉన్నా సాఫ్ట్‌వేర్ వల్ల దాన్ని పక్కనపెట్టవలసి రావడం ఈ రోజుల్లో మామూలైంది. 2015లో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్ అయితే కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచి పైది ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఎనిమిదో తరం కంటే పాతది కొనవద్దన్నది ఇందుకే.

మరి ఇంట్లో ఇప్పటికే ఉన్న ఆరో తరం, ఏడో తరం కంప్యూటర్లను ఏం చేయాలి? వాటికి విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించండి. లినక్స్ మింట్, ఉబుంటు, డెబియన్, మన సీడాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్, ఇవన్నీ ఉచితం. ఉబుంటులో ఎల్‌టీఎస్ అనే రకం రెండేళ్ళకొకటి వస్తుంది, ప్రతిదానికీ ఐదేళ్ళ భద్రతా అప్‌డేట్లు ఉంటాయి. విండోస్ అలవాటైన వారికి మింట్ తేలిక. బ్రౌజరు, వీడియో కాల్, ఉత్తరాలు, లెక్కలు అన్నీ నడుస్తాయి. తెలుగు అక్షరాలు చక్కగా కనబడతాయి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు చాలాకాలంగా శ్రమించారు. ఆ శ్రమ ఫలితం మన ఇళ్ళలో వాడుకలోకి రావాలి.

అయితే అందరికీ లినక్స్ కుదరదు. డీటీపీ పనికి అను ఫాంట్లు, పేజ్‌మేకర్ వాడేవారు విండోస్‌లోనే ఉండాలి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, కొన్ని ప్రింటర్లు, వేలిముద్రల యంత్రాలు కూడా విండోస్‌నే అడగవచ్చు. మీ ఇంట్లో అలాంటి పని ఉంటే ముందే కనుక్కోండి. లినక్స్‌ను పెన్ డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్‌లో ఏమీ చెరపకుండానే నడిపి చూడవచ్చు. ప్రింటర్ పనిచేస్తోందా, వైఫై అందుతోందా చూసుకుని, ఆ తర్వాతే నిర్ణయించుకోండి.

ఏ వ్యవస్థ వాడినా, మొదటి రోజే ఒక పని చేయండి. ఆన్ చేయగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాములను ఆపేయండి. బ్రౌజరులో ప్రతి వెబ్‌సైటూ నోటిఫికేషన్లు పంపుతానని అడుగుతుంది, వద్దనండి. షాపువారు వేసిచ్చిన ట్రయల్ సాఫ్ట్‌వేర్ తీసేయండి. వెనకాల నడిచే ప్రతి ప్రోగ్రామూ ప్రాసెసర్‌తో పని చేయిస్తుంది. పని అంటే వేడి, వేడి అంటే ఫ్యాను. చదువుకునే పిల్లవాడి ముందు తెర మూలన ఏదో ఒకటి టింగుమంటూ ఉంటే పాఠం మీద మనసు నిలవదు. అది కూడా చప్పుడే.

కంప్యూటర్ ఇంటికి వచ్చాక ఎక్కడ పెడతామన్నది కూడా ముఖ్యం. నేల మీద పెట్టకండి. ఊడ్చినప్పుడు దుమ్మంతా అందులోకే పోతుంది, తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్ళు తగులుతాయి. కంప్యూటర్ టేబుల్ అరలో తలుపు మూసి ఉంచకండి. గోడకు జానెడు దూరం ఉంచండి. వంటింటి పక్కన పెడితే పోపు జిడ్డు, దేవుడి గది పక్కన పెడితే అగరొత్తుల పొగ ఫ్యాను రెక్కలకు పట్టి దుమ్మును అతికిస్తాయి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి కనెక్టర్లను తినేస్తుంది, కాబట్టి కిటికీకి ఎదురుగా వద్దు. వెచ్చగా ఉంటుందని చీమలు, బల్లులు లోపల చేరతాయి. బల్లి ఎస్‌ఎమ్‌పీఎస్‌లో పడి షార్ట్ సర్క్యూట్ కావడం సర్వీస్ షాపుల్లో వినే సంగతే. వాడని రంధ్రాలు మూసి ఉంచండి. ఏడాదికొకసారి, వేసవి మొదలయ్యే ముందు, బ్లోయర్‌తో దుమ్ము కొట్టించండి.

కరెంటు విషయంలో మొదట చూడవలసింది ఎర్తింగ్. లోహపు క్యాబినెట్‌ను తాకితే సన్నగా జివ్వుమంటోందా? ఆ ప్లగ్‌కు ఎర్తింగ్ సరిగ్గా లేదేమో అనుమానించాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సరిచేయించండి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నులతో వాడటం ప్రాణానికీ కంప్యూటర్‌కీ మంచిది కాదు. ఎడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే వోల్టేజీ కొంత తగ్గినా అది తట్టుకుంటుంది, వేరే స్టెబిలైజర్ అక్కర్లేదు. డెస్క్‌టాప్‌కు మాత్రం యూపీఎస్ ఉండాలి. పని చేస్తుండగా కరెంటు పోతే ఫైళ్ళు పాడవుతాయి. ఇక్కడ కూడా తక్కువ వాట్ల కంప్యూటర్‌దే పైచేయి. పెద్ద డెస్క్‌టాప్‌ను కొద్ది నిమిషాలే నిలబెట్టే 600 వీఏ యూపీఎస్, మినీ పీసీని అంతకు ఎన్నో రెట్ల సేపు నడుపుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఏ కంప్యూటర్‌కైనా తప్పదు. ఎంత మంచి యంత్రమైనా ఒక రోజు ఆగిపోతుంది. ఆ రోజున పోయేది యంత్రం మాత్రమే కావాలి. అమ్మమ్మ ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు పోకూడదు. ముఖ్యమైనవాటికి మూడు ప్రతులు ఉంచండి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఇంటికి బయట, క్లౌడ్‌లో గానీ ఇంకో ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గర గానీ. నెలకొకసారి కాపీ చేసుకునే తేదీ ఒకటి పెట్టుకోండి.

పనికిరాని పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి వేయకండి. బోర్డులను కాల్చి, యాసిడ్‌లో ముంచి లోహాలు తీసేవాళ్ళ చేతికి అది చేరితే ఆ విషం వాళ్ళ ఊపిరితిత్తుల్లోకీ మన నేలలోకీ నీళ్ళలోకీ వెళుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, వాటిని అనుమతి ఉన్న రీసైక్లర్ల ద్వారా శుద్ధి చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. డిస్క్ తీసి మీ దగ్గర ఉంచుకుని, మిగతాది అలాంటి కేంద్రానికే అప్పగించండి.

శ్రోతలారా, ఈసారి షాపుకు వెళ్ళే ముందు ఒక కాగితం మీద ఐదు ప్రశ్నలు రాసుకోండి. ప్రాసెసర్ ఎన్ని వాట్లు? ఫ్యాను ఎంత చప్పుడు చేస్తుంది, ఒకసారి వినిపిస్తారా? ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ మార్చుకోవచ్చా? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయి? సర్వీస్ ఎక్కడ దొరుకుతుంది? ఈ ఐదింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన షాపులో, ఆ జవాబులు మీకు సంతృప్తినిచ్చిన కంప్యూటర్‌నే కొనండి. జవాబు దొరకకపోతే మొహమాటపడకుండా ఇంకో షాపుకు వెళ్ళండి. డబ్బు మీది, పదేళ్ళపాటు దాని పక్కన కూర్చోవలసింది మీరూ మీ పిల్లలూ.